ఫ్రీ వైఫై వాడాలి, కానీ మోసపోకూడదు: ఇలా చేయండి

ఫ్రీ వైఫైకి కనెక్ట్ అయితే చాలు, బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారు అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో నిజం ఉంది గానీ ఆ నిజం పాతబడిపోయింది. ఒకప్పుడు ఓపెన్ వైఫైలో పోయే డేటాని పక్క టేబుల్ దగ్గర కూర్చున్నవాడు నిజంగానే చదివేసేవాడు. 2010లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ఫైర్‌షీప్ అని ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) వచ్చింది, అది పెట్టుకుంటే హ్యాకింగ్ ఓనమాలు రానివాడు కూడా అదే వైఫైలో ఉన్న ఇంకొకరి ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరిపోవచ్చు. ఆ గొడవ తర్వాత పెద్ద సైట్లు ఒక్కొక్కటిగా హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి (మధ్యలోవాళ్లు చదవలేని కోడ్‌గా మార్చి) పంపే పద్ధతికి మారాయి. ఇప్పుడు బ్యాంకు యాప్, ఫోన్‌పే, జీమెయిల్, వాట్సాప్ అన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి. మధ్యలో వైఫై నడిపేవాడికి మీరు ఏ సైటుకి వెళ్తున్నారో తెలిసే అవకాశం ఉంది తప్ప, లోపల కొట్టిన పాస్‌వర్డ్ కనపడదు.

మరి మోసం ఎక్కడ జరుగుతోంది? కనెక్ట్ కాగానే మీ ముందు తెరుచుకునే పేజీలో. అక్కడ మీ చేతులతో మీరే టైప్ చేసి ఇస్తారు, ఇక దొంగకి హ్యాకింగ్‌తో పనేముంది. ఆస్ట్రేలియాలో 2024లో పట్టుబడ్డ ఒకడు సరిగ్గా ఇదే చేశాడు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లో, ఆఖరికి విమానాల్లో కూడా, అసలు వైఫై పేరుతోనే తన చిన్న పరికరం నుంచి దొంగ వైఫై వదిలేవాడు. కనెక్ట్ అయినవాళ్లకి ఒక పేజీ వచ్చేది, ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా ఖాతాతోనో లాగిన్ అవ్వమని. అంతే, అంతకు మించి మాయ లేదు. విమానంలో అనుమానాస్పదమైన వైఫై ఒకటి కనపడుతోందని ఎయిర్‌లైన్ ఉద్యోగులు చెప్పడంతో దొరికాడు, తర్వాత ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

కాబట్టి కింద చెప్పేవన్నీ ఆ పేజీ చుట్టూనే తిరుగుతాయి. అదొక్కటి అర్థమైతే మిగతావి చిన్న విషయాలు.

ఇంట్లో ఉండగానే చేసుకోవాల్సినవి

మొదట పాత వైఫై పేర్లు తీసేయండి. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, మీ ఫోను పాత వైఫైని గుర్తుపట్టేది ముఖ్యంగా పేరుని బట్టే. పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫై అయితే మరీ సులువు, పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ స్టేషన్‌లో కనెక్ట్ అయిన పేరే ఇవాళ ఇంకో ఊళ్లో ఎవడో తన హాట్‌స్పాట్‌కి పెట్టుకుని కూర్చుంటే, మీ ఫోను జేబులో ఉండగానే, మిమ్మల్ని అడక్కుండా దానికి అతుక్కుపోతుంది. సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి సేవ్డ్ నెట్‌వర్క్స్ అన్న చోట చూడండి (ఐఫోన్‌లో అయితే వైఫై పేజీలో పైన ఎడిట్ అని ఉంటుంది), ఎప్పుడో వాడి మర్చిపోయిన లాడ్జీలు, కాఫీ షాపులు, కళ్యాణ మండపాలు అన్నీ వరసగా కనపడతాయి. ఇల్లు, ఆఫీసు వదిలేసి మిగతావన్నీ ఫర్గెట్ కొట్టేయండి. ఏదైనా ఉంచుకోవాలనుకుంటే దానికి ఆటో కనెక్ట్ ఆఫ్ చేయండి.

రెండోది, బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరుని కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి. కార్డు వెనకాల ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. ఇది వైఫై వ్యవహారం కాదు కదా అనిపించొచ్చు. కానీ డబ్బు పోయిందని కంగారులో ఉన్నప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే వచ్చే నంబర్లలో దొంగవి ఉంటాయి, ఒకసారి మోసపోయినవాళ్లు అరగంటలో రెండోసారి మోసపోయేది అక్కడే. పక్కనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కూడా సేవ్ చేసుకోండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

మూడోది, వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. సెట్టింగ్స్, అకౌంట్ లోపల ఉంటుంది, ఆరంకెల పిన్ అడుగుతుంది. జీమెయిల్‌కి కూడా పాస్‌కీయో (పాస్‌వర్డ్‌కి బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి), రెండో దశ వెరిఫికేషనో ఉండాలి. ఎందుకో కింద లాగిన్ పేజీ దగ్గర తెలుస్తుంది.

ఆండ్రాయిడ్ వాళ్లు ఇంకొకటి చూడండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికితే ఒక జాబితా వస్తుంది, అందులో క్రోమ్‌కి, వాట్సాప్‌కి, ఫైల్ మేనేజర్‌కి అనుమతి ఉంటే తీసేయండి. ప్లే స్టోర్ నుంచి కాకుండా ఏపీకే ఫైలు రూపంలో వచ్చే యాప్‌లన్నీ ఈ దారినే లోపలికొస్తాయి. ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ, పెళ్లి శుభలేఖ అనీ వచ్చే ఏపీకేల గురించి వినే ఉంటారు, వైఫై స్పీడు పెంచే యాప్ కూడా ఆ కుటుంబమే. అమ్మానాన్నల ఫోన్లలో ఇది మీరే దగ్గరుండి ఆఫ్ చేయండి, ఫోన్లో చెప్తే అవ్వదు.

ఫోను అప్‌డేట్లు వాయిదా వేయకండి. దీని మీద ఇంకేం చెప్పను.

కనెక్ట్ అయ్యే ముందు

అసలు అవసరమా అని ఒక్కసారి ఆలోచించండి. రోజుకి జీబీన్నరో రెండు జీబీలో డేటా ఉన్న ప్లాన్ వేసుకుని, అది రాత్రి పన్నెండింటికి వాడకుండానే పోతుంటే, స్టేషన్‌లో ఫ్రీ వైఫై కోసం వెతుక్కోవడంలో అర్థం లేదు. లాప్‌టాప్‌లో పని ఉంటే మీ ఫోన్ హాట్‌స్పాటే పెట్టుకోండి, పాస్‌వర్డ్ మాత్రం పెట్టండి. సిగ్నల్ అందని బిల్డింగులు, డేటా అయిపోయిన రోజు, పెద్ద ఫైలు దించుకోవాల్సిన పని, ఇలాంటివాటికే పబ్లిక్ వైఫై.

కావాల్సిందే అనుకుంటే, పేరు అడగండి. హోటల్లో రిసెప్షన్‌లో, కాఫీ షాపులో కౌంటర్ దగ్గర, "మీ వైఫై పేరేంటండీ" అని అడగడానికి మొహమాటమెందుకు. రైల్వే స్టేషన్లలో అయితే రైల్‌టెల్ సంస్థ నడిపే రైల్‌వైర్ ఉంటుంది. 2016 జనవరిలో గూగుల్‌తో కలిసి ముంబయి సెంట్రల్‌లో మొదలుపెట్టారు, తర్వాత గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ కొనసాగించింది, ఇప్పుడు దేశంలో ఆరు వేలకు పైగా స్టేషన్లలో ఉంది. లిస్టులో దాని పక్కనే ఫ్రీ రైల్వే వైఫై అనో, స్టేషన్ ఫాస్ట్ వైఫై అనో ఇంకోటి కనపడితే దాని జోలికి పోవద్దు. పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీరు ఇప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి ఎయిర్‌పోర్ట్ అఫీషియల్ అని పెట్టుకున్నా ఆపేవాడు లేడు.

పాస్‌వర్డ్ ఉంది కాబట్టి భద్రమే అనుకోవడం చాలామంది చేసే పని. గోడ మీద కాగితానికి రాసి అతికించిన పాస్‌వర్డ్ మీకు తెలిసినట్టే దొంగకీ తెలుసు. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో వాడూ ఒక వైఫై వదిలితే మీ ఫోనుకి తేడా తెలియదు. పాస్‌వర్డ్ వల్ల ఇంటి వైఫైకి ఉండే భద్రత లాడ్జి వైఫైకి రాదు.

గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటే, స్కాన్ చేశాక ఏం వస్తుందో చూడండి. నిజమైన వైఫై క్యూఆర్ అయితే ఫలానా నెట్‌వర్క్‌లో చేరాలా అని మాత్రమే అడుగుతుంది. వెబ్‌సైటు తెరుచుకుంటే కాస్త ఆగండి, కొన్నిచోట్ల అది లాగిన్ పేజీ అయ్యే అవకాశం ఉంది. ఫైలు డౌన్‌లోడ్ మొదలైనా, డబ్బు పంపే స్క్రీన్ వచ్చినా వెంటనే మూసేయండి. అసలు క్యూఆర్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి ఉందేమో గోరుతో గీకి చూసినా తప్పులేదు.

లాగిన్ పేజీ: ఇక్కడే నిదానించాలి

మన దేశంలో పబ్లిక్ వైఫై ఫోన్ నంబరు అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది. దీనికి ఒక కారణం ఉంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కడిదా అని పట్టుకుంటూ పోతే, నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఇంట్లో పాస్‌వర్డ్ లేని వైఫై దగ్గర తేలింది. ఆ తర్వాత, 2009లో, టెలికాం శాఖ వైఫై వాడేవాళ్లెవరో తెలిసేలా నియమాలు పెట్టింది. అందుకని నంబరు, ఓటీపీ అడగ్గానే టెన్షన్ పడనక్కర్లేదు. హోటల్ అయితే రూము నంబరు, ఇంటిపేరు అడగొచ్చు. అంతవరకే.

ఇక ఏం అడక్కూడదో చూడండి. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అడక్కూడదు. ఫ్రీ అని చెప్పి కార్డు నంబరు అడక్కూడదు. ఆధార్, పాన్ అడక్కూడదు. యూపీఐ పిన్ ఏ పేజీలోనూ, ఏ కారణం చెప్పినా కొట్టకూడదు, అది మీ యూపీఐ యాప్‌లో డబ్బు పంపేటప్పుడూ బ్యాలెన్స్ చూసుకునేటప్పుడూ కొట్టేది, డబ్బు రావడానికి దానితో పని లేదు. యాప్ దించుకోమన్నా, సర్టిఫికెట్ లేదా ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయమన్నా వెంటనే బయటికొచ్చేయండి. సర్టిఫికెట్ అంటే ఒక సైటు అసలుదేనని మీ ఫోనుకి హామీ ఇచ్చే ఫైలు, దాని సంగతి మరీ ప్రమాదం, దొంగది ఒప్పుకుంటే పైన నేను చెప్పిన ఎన్‌క్రిప్షన్ ధీమా అంతా పోయే వీలుంది. ఆఫీసు వాళ్ల వైఫైకి వాళ్ల ఐటీ వాళ్లు చెప్పి పెట్టించే సర్టిఫికెట్ వేరు, టిఫిన్ సెంటర్ వైఫైకి ఎందుకండీ సర్టిఫికెట్.

గూగుల్‌తో లాగిన్ అవ్వండి, ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి అని బటన్లు ఉంటే ఇంకా జాగ్రత్త. వైఫైకి కనెక్ట్ కాగానే దానంతటది తెరుచుకునే చిన్న విండో చాలా ఫోన్లలో మీ మామూలు బ్రౌజర్ కాదు. అందులో మీ జీమెయిల్ ముందే లాగిన్ అయి ఉండదు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ రాదు, అడ్రస్ బార్ కూడా సరిగ్గా కనపడదు. దాంతో మీరు పాస్‌వర్డ్‌ని చేత్తో కొట్టాల్సి వస్తుంది. దొంగకి కావాల్సిందీ అదే. ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యే దారి ఉంటే అది తీసుకోండి, లేకపోతే ఆ వైఫై వదిలేయండి.

ఇప్పుడు ఓటీపీ. మెసేజ్‌లో అంకెలు మాత్రమే చూసి కొట్టేయడం మనందరికీ అలవాటైపోయింది, కీబోర్డు పైన అంకెలు దానంతటవే వచ్చేస్తుంటే చదివే ఓపిక ఎవరికుంటుంది. కానీ ఇక్కడ మెసేజ్ మొత్తం చదవండి. దొంగ పేజీలో మీరు నంబరు కొట్టిన క్షణంలో వాడు అదే నంబరుతో తన ఫోన్లో వాట్సాప్ రిజిస్టర్ చేయడం మొదలుపెడతాడు, మీకు వచ్చే ఆరంకెలు వైఫైవి కావు, వాట్సాప్‌వి. వాటిని ఆ పేజీలో కొట్టారంటే మీ వాట్సాప్ వాడి చేతిలోకి పోయి, పావుగంటలో మీ బాబాయికి, మీ స్నేహితులకి "అర్జెంటుగా ఓ ఇరవై వేలు పంపవా" అని మెసేజ్‌లు వెళ్తాయి. ఇందాక టూ స్టెప్ పిన్ పెట్టమన్నది ఇందుకే, ఓటీపీ దొరికినా ఆ పిన్ లేకుండా లోపలికి రాలేడు. కాబట్టి మెసేజ్‌లో వైఫై పేరో, దాన్ని నడిపే సంస్థ పేరో ఉందా, లేక వాట్సాప్, బ్యాంకు, అమెజాన్ లాంటి మాట ఉందా చూడండి. రెండోది అయితే ఆ పేజీ మూసేసి, వైఫై ఆపేసి, మొబైల్ డేటాకి మారిపోండి.

రైల్‌వైర్‌లో రోజుకి మొదటి అరగంట ఉచితం, తర్వాత కావాలంటే డబ్బు కట్టే ప్లాన్లు చూపిస్తుంది. ఇది నిజంగానే ఉన్న పద్ధతి. అందుకే దొంగ పేజీలో పది రూపాయలు కట్టమన్నా ఎవరికీ అనుమానం రాదు. నా సలహా, స్టేషన్‌లో కూర్చుని వైఫై ప్లాన్ కొనొద్దు. అదే డబ్బుకి మీ సిమ్ కంపెనీ యాప్‌లో చిన్న డేటా టాపప్ వేసుకుంటే ఈ గొడవే లేదు.

ఇంకో రకం కూడా ఉంది, ఇది మన దగ్గర బాగా నడుస్తుంది. "అన్నా, నా సిమ్‌కి రీఛార్జ్ లేదు, వైఫైకి ఓటీపీ రావట్లేదు, ఒక్కసారి మీ నంబరు ఇస్తారా" అని ఎవరో కుర్రాడు అడుగుతాడు. నిజంగానే అవసరం ఉండొచ్చు. కానీ ఆ లాగిన్ రికార్డు మీ నంబరు మీద ఉంటుంది, వాడు లోపల ఏం చేసినా పోలీసులు మొదట వచ్చేది మీ దగ్గరికే. పైగా వాడు చెప్పేది వైఫై ఓటీపీ, మీకొచ్చేది ఇంకేదో అయ్యే ప్రమాదం ఎలాగూ ఉంది. హాట్‌స్పాట్ అడిగినా ఇదే లెక్క. ఇంటికి ఫోన్ చేసుకోవాలంటే మీ ఫోన్లో మీరే నంబరు కలిపి ఇవ్వండి, సాయం చేసినట్టూ ఉంటుంది.

కనెక్ట్ అయ్యాక

రైలు ఎక్కడుందో చూసుకోండి, యూట్యూబ్ చూడండి, వార్తలు చదవండి, ఏ ఇబ్బందీ లేదు. డబ్బు పని వచ్చినప్పుడు మాత్రం వైఫై ఆఫ్ చేసి మొబైల్ డేటాలో చేయండి. యూపీఐ యాప్ వైఫైలో కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది కదా అంటే, నిజమే, పోతుంది. అయినా ఒక్క స్విచ్‌తో అనుమానమే లేకుండా పోయేదానికి వాదన దేనికి.

బ్రౌజర్‌లో మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్రగానో నల్లగానో హెచ్చరిక వస్తే, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పోవద్దు. లాగిన్ పేజీ పూర్తి చేయకముందు ఇది ఊరికే కూడా వస్తుంటుంది, కానీ లాగిన్ అయ్యాక కూడా బ్యాంకు సైటుకో మెయిల్‌కో అదే వస్తోందంటే మధ్యలో ఎవరో వేలు పెడుతున్నారని అనుకోవాలి.

బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన ఉండే తాళం గుర్తుని నమ్మడం మానేయండి. ఆ గుర్తు డేటా ఎన్‌క్రిప్ట్ అవుతోందని మాత్రమే చెప్తుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. సర్టిఫికెట్లు ఇప్పుడు ఉచితంగా, నిమిషాల్లో వస్తాయి, దొంగ సైటుకీ తాళం ఉంటుంది. ఈ అపోహ పోవాలనే గూగుల్ 2023లో క్రోమ్‌లోంచి ఆ గుర్తే తీసేసింది. బ్యాంకు సైటు అయితే అడ్రస్ చివర చూడండి. రిజర్వ్ బ్యాంక్ చెప్పడంతో మన బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకి మారాల్సి వచ్చింది, ఆ చిరునామా బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇంకో మంచి గుర్తు, మీ పాస్‌వర్డ్ మేనేజర్ రోజూ దానంతటదే నింపే పాస్‌వర్డ్‌ని ఇవాళ నింపడం లేదంటే, అది మీ సైటు కాకపోవచ్చు. అది సైటు అడ్రస్‌ని అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, మన కళ్లు అలా చూడవు.

వీపీఎన్ (మీ డేటా మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్ మీదుగా పంపే యాప్) పెట్టుకోవాలా? మంచిదే, డబ్బు కట్టి తీసుకునే పేరున్నది అయితే. ఫ్రీ వీపీఎన్ అంటే వైఫైవాడిని నమ్మలేక ఇంకో తెలియనివాడి చేతికి డేటా ఇవ్వడమే. పైగా వీపీఎన్ ఉన్నా లేకపోయినా దొంగ పేజీలో మీరు ఓటీపీ కొడితే అది ఆపలేదు.

లాప్‌టాప్ వాళ్లు విండోస్ అడిగినప్పుడు పబ్లిక్ నెట్‌వర్క్ అని ఎంచుకోండి. ఫోన్లో, దగ్గరున్న ఫోన్లకి ఫైళ్లు పంపే క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్ కాంటాక్ట్స్‌కే ఉండేలా పెట్టుకోండి.

చదువుకోవడానికి అమెరికాకో, ఆస్ట్రేలియాకో మొదటిసారి వెళ్లే పిల్లలకి ఇది ఎక్కువ అవసరం. దిగగానే చేతిలో అక్కడి సిమ్ ఉండదు, ఇంటికి చేరామని చెప్పాలి, క్యాబ్ బుక్ చేయాలి, అన్నీ ఎయిర్‌పోర్ట్ వైఫై మీదే. బయల్దేరే ముందే ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోకే దించుకునే సిమ్) ఒకటి కొని పెట్టుకుంటే ఆ మొదటి గంట హాయిగా గడుస్తుంది. ఇండియా నంబరుకి రోమింగ్ ఆన్ చేయించుకోండి, లేకపోతే బ్యాంకు మెసేజ్‌లు రావు, డబ్బు పోయినా తెలియదు. అక్కడ చాలా విమానాశ్రయాల్లో షరతులు ఒప్పుకుంటున్నట్టు ఒక బటన్ నొక్కితే సరిపోతుంది, మహా అయితే ఈమెయిల్ అడ్రస్ అడుగుతారు. పాస్‌వర్డ్ అడిగితే అది దొంగదే. ఫీజు కట్టడం లాంటివి రూముకి చేరాక చూసుకోవచ్చు.

వెళ్లిపోయేటప్పుడు ఆ వైఫైని ఫర్గెట్ చేయండి. అప్పుడే చేయకపోతే ఇంక చేయరు.

డబ్బు పోయిందని తెలిస్తే

మొదట వైఫై ఆపి మొబైల్ డేటాకి రండి. సేవ్ చేసుకున్న నంబరుకి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించండి. వెంటనే 1930కి చేయండి, లైను దొరక్కపోతే మళ్లీ మళ్లీ చేయండి, ఈలోపు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే దాన్ని అక్కడే ఆపడానికి ప్రయత్నిస్తారు. దొంగలు గంటల్లోనే నాలుగైదు ఖాతాలు దాటించేస్తారు కాబట్టి ముందు ఇంట్లో వాళ్లకి చెప్పి, సాయంత్రం చూద్దాంలే అనుకుంటే కుదరదు. ఫోన్ చేసేటప్పుడు పోయిన మొత్తం, టైము, ఏ ఖాతా నుంచి పోయింది, యూపీఐ అయితే పన్నెండంకెల రిఫరెన్స్ నంబరు చేతిలో పెట్టుకోండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఆ వైఫై పేరుకీ, లాగిన్ పేజీకీ వీలైతే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

బ్యాంకుకి రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన నియమాల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లోపు మీరు చెప్తే, మీ మీద భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే కొంతవరకు మీరు భరించాలి. ఓటీపీ మీరే ఇచ్చేశారంటే అది మీ అజాగ్రత్త కిందికి వస్తుంది, చెప్పేదాకా పోయింది మీదే. కానీ చెప్పిన తర్వాత కూడా ఖాతాలోంచి ఇంకా పోతే అది బ్యాంకు భరించాలి, అందుకే ఫిర్యాదు నంబరూ, చెప్పిన సమయమూ రాసి పెట్టుకోవాలి. చాలామంది నేనే ఓటీపీ ఇచ్చాను కదా, ఇంకేం అడుగుతాం అని సిగ్గుపడి ఊరుకుంటారు. మీ తప్పు ఉందని మీరే తేల్చేయొద్దు, నియమం ప్రకారం దాన్ని నిరూపించాల్సింది బ్యాంకు.

వాట్సాప్ పోయినట్టయితే మళ్లీ మీ నంబరుతో మీ ఫోన్లో రిజిస్టర్ చేయండి, అవతలివాడు బయటికి పోతాడు. ముందు టూ స్టెప్ పిన్ లేకుండా ఉండి వాడు తనది పెట్టేసి ఉంటే, పిన్ రీసెట్‌కి ఏడు రోజులు ఆగాల్సి రావచ్చు, ఆ ఏడు రోజులూ మీ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వొద్దని బంధువులకి మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పాలి. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో లాగిన్ అయి ఉందో చూసి తెలియనివి తీసేయండి. ఆఖరుగా టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి, మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.